తెలియని చోటికి బయలుదేరిన బిషప్ అజరయ్యగారు

ఖైరతాబాదులోనైనా, నాంపల్లిలోనైనా, ఆబిడ్సులోనైనా మన వాళ్ళ ఇండ్లలో జరిగే ప్రార్థన కూటములకు వెళ్ళేవారికి ఇది తెలిసిన సంగతే. ప్రార్థన మనవులు చెప్పండి అని పెద్దలు అడిగినప్పుడు ఎక్కువగా వినబడేది ఒకటే మనవి, దేవుని నడిపింపు కావాలని. అబ్బాయి ఉద్యోగము, అమ్మాయి పెండ్లి, దూరపు ఊరికి బదిలీ, డాక్టర్లు చెప్పిన ఆపరేషను, అన్నదమ్ముల మధ్య పొలము తగాదా. ఎటు వెళ్ళాలో తోచని చోట ప్రభువు దారి చూపాలని అడుగుతాము. అడగవలసినదే. అయితే ఆ మనవి అడుగున మనకే తెలియకుండా ఇంకొక ఆశ కూడా ఉంటుంది. దేవుడు దారి చూపిస్తే ఇక యుద్ధము ఉండదని, అడ్డంకులు వాటంతటవే తొలగిపోతాయని అనుకొంటాము. ఆ దారిలో అడ్డంకి ఎదురైతే వెంటనే అనుమానము పుడుతుంది, ఇది దేవుని చిత్తము కాదేమోనని.

ఈ అనుమానముతో బాధపడేవారు మన అధ్యక్షమండలము మొదటి బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి జీవితమును ఒకసారి మొదటినుండి చివరిదాకా చూడవలెనని నా కోరిక. పేరు అందరికీ తెలుసు. ఆ పేరుతో బడి ఉంది. డోర్నకల్ వైపునుండి ఉద్యోగాల కోసము పట్నము వచ్చి స్థిరపడిన మన కుటుంబాలలో తాతలు, అమ్మమ్మలు ఆయనను గూర్చి చెప్పిన మాటలు ఇంకా మిగిలి ఉన్నవి. కాని ఆయన పడిన పాట్లు మనకు అంతగా తెలియవు. ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పు అని ఒక వాక్యములో చెప్పి ముగిస్తాము. ఆ ఒక్క వాక్యము వెనుక ఎంత యుద్ధము జరిగిందో చెప్పుకోవడానికి ఈ శతవార్షిక సంచిక తగిన చోటు.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17వ తేదీన తమిళదేశములో, తిరునెల్వేలి ప్రాంతములోని వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి తోమాసు వేదనాయగంగారు హిందూ కుటుంబమునుండి క్రీస్తును నమ్మి, ఆ పల్లె సంఘమునకే గురువైనవారు. తల్లి ఎల్లెనమ్మగారు భక్తిగల తల్లి. క్రమశిక్షణలో మాత్రము కొడుకును కొంచెము కూడా సడలనిచ్చేవారు కారట. తండ్రి తొందరగా పోయారు. కుర్రవాడు మిషను బడులలో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరాడు. అక్కడ లెక్కలు బాగా చదివినా పట్టా చేతికి రాకుండానే కాలేజీ రోజులు ముగిశాయి. పట్టా లేని ఈ విద్యార్థికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గౌరవ డాక్టరేటు ఇచ్చారు.

1895లో వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి పధ్నాలుగేళ్ళు దక్షిణదేశమంతా తిరిగారు. మంచి ఉద్యోగము, పేరున్న ఉద్యోగము. అమెరికానుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీగారు ఆయనకు ప్రాణస్నేహితుడైనది ఆ రోజులలోనే. 1898లో అన్బు మరియమ్మగారిని వివాహము చేసుకొన్నారు. దక్షిణ ఇండియాలో కాలేజీ చదువు చదివిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. కట్నము తీసుకోలేదు. ఆ మాట ఇక్కడ ఆగి చెప్పడము అవసరమనుకొంటాను. నూరేళ్ళు దాటిన తర్వాత కూడా మన సంఘాలలో ఎన్ని పెండ్లిండ్లు ఆ విషయము దగ్గర ఆగిపోతున్నవో అందరికీ తెలుసు.

1902లో అజరయ్యగారు సిలోనులోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో తమ మనుష్యులనే మిషనరీలుగా పంపుకొంటున్నారు. అది చూసి ఆయన మనస్సు నొచ్చుకొన్నది. తిరునెల్వేలి సంఘము వాళ్ళకంటె పెద్దది, పాతది. అయినా సువార్త ప్రకటించే పని దొరలదనీ, దాన్ని అందుకొనే పని తమదనీ అనుకొని కూర్చున్నది. తిరిగి వచ్చి ఊరుకోలేదు. 1903 ఫిబ్రవరి 12న పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపన జరిగింది. డబ్బు మనదే, మనుష్యులు మనవాళ్ళే, నిర్వాహము కూడా మనదే అనేది దాని నియమము. 1905 క్రిస్మసు రోజున, కేరీగారు పనిచేసిన శ్రీరాంపురములో, దేశమంతటికీ నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడు కూడా కార్యదర్శి అజరయ్యగారే.

తిరునెల్వేలి సొసైటీ తన పనికి ఎంచుకొన్న పొలము ఎక్కడో కాదు, మన నిజాము రాజ్యములో మానుకోట తాలూకా, డోర్నకల్ పరిసరాలు. 1904లో శామ్యూల్ పాక్యనాథన్‌గారు మొదటి మిషనరీగా వచ్చారు. అజరయ్యగారు ఊరూరా తిరిగి తమిళ యువకులకు చెప్పేవారు. తెలుగుదేశములో పని ఉంది, మాలపల్లెలలో, మాదిగపల్లెలలో మీ కోసము ఎదురుచూచేవారు ఉన్నారు, ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళండి అని. చెప్పిన మాటకు బలమున్నది. సభలు కదిలిపోయేవి. కాని వెళ్ళేవారు కొద్దిమందే.

ఇక్కడే ఆయన జీవితములోని మలుపు. దేవుని నడిపింపు ఆయనకు దర్శనముగా రాలేదు, స్వప్నముగా రాలేదు. తాను ఇతరులకు చెబుతున్న మాటే తిరిగి తన చెవిలో పడింది. వెళ్ళండి వెళ్ళండి అని చెప్పే మనిషి తాను ఎందుకు వెళ్ళకూడదు? ఈ ప్రశ్న వచ్చిన తర్వాత దానిని తప్పించుకోవడానికి ఎన్ని కారణాలైనా దొరుకుతాయి. రెండు పెద్ద సొసైటీలు నడిపే మనిషి మద్రాసులో ఉంటేనే లాభము ఎక్కువ. అంతకు రెండేళ్ళ ముందు, 1907లో, జపానులో జరిగిన ప్రపంచ క్రైస్తవ విద్యార్థుల సభకు వెళ్ళి వచ్చిన నాయకుడు. ఇంట్లో చిన్నపిల్లలు. తెలుగు ఒక్క ముక్క రాదు. ఈ కారణాలు అబద్ధాలు కావు. అన్నీ నిజమే. అయినా 1909లో ఆయన వై.ఎం.సి.ఎ. పని వదిలి, గురుత్వమునకు అభిషేకము పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరుకొన్నారు.

ఆనాటి డోర్నకల్‌ను కొంచెము ఊహించుకోవాలి. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉన్న పట్టణము అప్పుడు వరంగల్ వైపు ఒక మారుమూల. సికిందరాబాదునుండి బెజవాడకు నిజాము రైలు ఆ ఊరిమీదుగా పోయేది. సింగరేణి బొగ్గు కోసము ఇల్లెందు వైపు చీలిన లైనూ అక్కడినుండే. స్టేషను దాటితే అడవి. చలిజ్వరము, కలరా ఏటేటా వచ్చేవి. ఇక్కడ హైదరాబాదులో నాంపల్లి స్టేషను కట్టి రెండేళ్ళయింది. ముందు ఏడాది, 1908 సెప్టెంబరులో, మూసీ వరద వేలమందిని తీసుకొనిపోయింది. పట్నములోని పెద్ద చర్చీలు ఎక్కువగా రెసిడెన్సీ దొరలకు, వారి ఉద్యోగులకు, పటాలాలకు ఆనుకొని ఉండేవి. పల్లెల్లో దొరల వెట్టిచాకిరి క్రింద నలిగే మాల మాదిగ కుటుంబాల దగ్గరికి, ఒక భారతీయ గురువు కుటుంబముతో వచ్చి గుడారము వేసుకొని కూర్చోవడము అప్పటికి వింతే.

ముప్పై అయిదేళ్ళ వయసులో ఆయన అ ఆలు దిద్దారు. తమిళము మాట్లాడే నోటికి మన ఒత్తులు, మహాప్రాణాలు పలుకుబడిలోకి రావడము ఎంత కష్టమో తమిళ స్నేహితులున్న వారికి చెప్పనక్కరలేదు. అబ్రాహాము తెలియని దేశమునకు బయలుదేరాడని మనము ఆదివారబడి పిల్లలకు సులభముగా చెప్పేస్తాము. వెళ్ళిన చోట ఉప్పు, చింతపండు అడగడానికి కూడా మాట రాని దినాలు ఉంటాయని చెప్పము.

ఏడాది తిరగలేదు, రెండవ యుద్ధము వచ్చింది. ఇది శత్రువులతో కాదు, స్నేహితులతో. 1910 జూనులో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వందలకొలది ప్రతినిధులలో ఆసియావారు వ్రేళ్ళమీద లెక్కపెట్టగలిగినంత మంది. విదేశీ మిషనరీలు, స్వదేశీ పనివారు ఎలా కలిసి పనిచేయాలి అన్న విషయము మీద మాట్లాడమని అజరయ్యగారిని కోరారు. అతిథిగా వెళ్ళిన మనిషి నాలుగు మంచి మాటలు చెప్పి, కృతజ్ఞతలు తెలిపి రావచ్చు. ఆయన అలా చేయలేదు. మిషనరీలు తమ సొత్తు ఇచ్చారు, ఆరోగ్యము ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, కాని స్నేహము మాత్రము ఇవ్వలేదని, తమకు కావలసినది ఆ స్నేహమేనని ఆ సభలో చెప్పారు. ఏళ్ళ తరబడి ఒకే మిషనులో పనిచేసినా ఒకరి ఇంట ఒకరు భోజనము చేయని సంగతిని పైకి తెచ్చారు. సభలో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు కోపముతో మండిపడ్డారు. ఆ ఉపన్యాసము తర్వాత నూరేళ్ళపాటు ప్రపంచ సంఘ చరిత్రలు వ్రాసినవారెవరూ దానిని విడిచిపెట్టలేదు. ఆ సాయంత్రము మాత్రము ఆయనకు మిగిలినది కొందరు మిత్రుల ముఖము చాటువేత. ఆ దొరల ఊళ్ళకే, ఆ దొరల సొసైటీల మధ్యకే తిరిగి రావలసిన మనిషి ఆయన.

రెండేళ్ళు గడిచాయి. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ దొరగారు ఒక ఆలోచన బయటపెట్టారు. డోర్నకల్‌కు అజరయ్యను బిషప్పు చేయాలి. ఇంగ్లీషు సంఘములో అప్పటిదాకా భారతీయుడు ఎవరూ బిషప్పు కాలేదు. ఒక నల్లవాని చేతి క్రింద ఇంగ్లీషు గురువులు పనిచేస్తారా అని ఒక ప్రక్కనుండి అభ్యంతరము. డోర్నకల్ బ్రిటిషు ఇండియాలో కాక నిజాము రాజ్యములో ఉండడము, మొదట అక్కడ తెల్ల గురువులు ఆయన అధికారము క్రిందికి రాకపోవడము, ఈ రెండూ కలిసివచ్చాయి. లేకపోతే ఆ పని ఇంకా ఎంత ఆలస్యమయ్యేదో. నొప్పి కలిగించేది ఇంకొక ప్రక్క. వ్యతిరేకించినవారిలో మనవాళ్ళు కూడా ఉన్నారు. తిరునెల్వేలి క్రైస్తవులలోనే కులాల ఈర్ష్యలు లేచాయి. ఆ కులమువాడు మాకు పైన బిషప్పా అన్న మాట పుట్టింది. పరాయివారి చిన్నచూపు భరించవచ్చు, తోడబుట్టినవారి అసూయ భరించడము కష్టము. యోసేపును గుంటలో వేసినది ఐగుప్తీయులు కారు.

ఈ రోజులలో ఆయన చేసినది పెద్దగా ఏమీ లేదు. ఎవరికీ జవాబు వ్రాసి పత్రికలలో వేయించలేదు. డోర్నకల్‌లో తన పని తాను చేసుకొంటూ, తన మీద జరుగుతున్న చర్చను పెద్దలకు, దేవునికి వదిలిపెట్టి ఊరుకొన్నారు. దేవుని నడిపింపులో ఇది కూడా ఒక భాగమని నా అభిప్రాయము. కదలవలసిన వేళ కదలడము ఒక ఎత్తు, మనలను గూర్చి ఇతరులు తేల్చుకొంటున్న వేళ నోరు మూసుకొని పనిలో ఉండడము ఒక ఎత్తు. రెండవది మనకు అసలు రాదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో పదకొండుమంది బిషప్పులు చేతులుంచగా ముప్పై ఎనిమిదేళ్ళ అజరయ్యగారు బిషప్పుగా ప్రతిష్ఠింపబడ్డారు. మన అధ్యక్షమండలము లెక్క అక్కడినుండే. ఆయన బ్రతికియున్న ముప్పై రెండేళ్ళలో ఇండియాలో అధ్యక్షమండలము నేలిన భారతీయ ఆంగ్లికన్ బిషప్పు మరొకరు రాలేదు. బిషప్పుల సభలో ఆయన ఎన్నేళ్ళు ఒంటరిగా కూర్చున్నారో దీనినిబట్టి తెలుస్తుంది. 1920లో కృష్ణా, గోదావరి, కర్నూలు వైపు ఆంగ్లికన్ సంఘములు కూడా ఆయన అధికారము క్రిందికి వచ్చాయి. అంటే ఎనిమిదేళ్ళ క్రితము జరగనే జరగదన్న పని జరిగింది. ఇంగ్లీషు మిషనరీలు ఒక భారతీయ బిషప్పు క్రింద పనిచేశారు. చాలామంది ప్రేమతోనే చేశారు.

ఆయన పాలన ఎలా ఉండేదో చెప్పడానికి పెద్ద గ్రంథము కావాలి. కొన్ని సంగతులే చెబుతాను. బండ్లమీద, సైకిలుమీద, కాలినడకను పల్లెలు తిరిగేవారు. తెల్లవారకముందే లేచి తన గురువుల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పి ప్రార్థించే అలవాటు. పల్లె సంఘములను పీడించే నాలుగు దయ్యములను గూర్చి ఆయన ప్రసంగించేవారు. మురికి, రోగము, అప్పు, తాగుడు. దయ్యములంటే ఎక్కడో చింతచెట్టు మీద ఉంటాయనుకొన్న జనానికి, అవి తమ గుడిసెలోనే, తమ కల్లు ముంతలోనే, షావుకారు పద్దులోనే ఉన్నాయని చూపించారు. బాప్తిస్మము పొందినవారిని తమ చేతిని తమ తలమీదనే పెట్టుకొని, నేను బాప్తిస్మము పొందినవాడను, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే అర్థము వచ్చే ప్రమాణము పలికించేవారు. ఉపదేశి వచ్చి చెప్పేదాకా ఎదురుచూడవద్దు, నిన్న నమ్మినవాడు నేడు పక్కపల్లెకు పోవాలి అని దాని భావము.

బీద సంఘము తన కాళ్ళమీద నిలబడదు అన్న మాటను ఆయన ఒప్పుకోలేదు. అన్నము వండే ముందు తల్లి ఒక పిడికెడు బియ్యము దేవుని కుండలో వేయాలి. క్రైస్తవ దానమును గూర్చి ఆయన వ్రాసిన పుస్తకము పొరుగు దేశాలలో కూడా చదివారు. కాని దానికి మూలము మన పల్లెల తల్లుల పిడికిళ్ళే. కూలి గింజలలో నుండి తీసిన పిడికెడు అది.

డోర్నకల్‌లో గురువుల శిక్షణకు వచ్చేవారు భార్యలతో రావాలి. ఆయన బోధించే చోట ఆమె కూడా నేర్చుకోవాలి. ఉదయము పొలములో పని కూడా ఉండేది. పుస్తకము పట్టిన చేయి నాగలి మరిచిపోకూడదు. ఈ స్త్రీల శిక్షణ భారమంతా మోసినవారు అన్బు అమ్మగారు. నలుగురు కుమారులను, ఇద్దరు కుమార్తెలను పెంచుతూ, తాను పుట్టిపెరిగిన భాష వినబడని చోట, పల్లె స్త్రీలకు అక్షరాలు, పరిశుభ్రత, బైబిలు నేర్పారు. అజరయ్యగారి జీవితచరిత్రలు వ్రాసినవారు ఆమెకు ఇచ్చిన పుటలు తక్కువ. బిషప్పుగారు పల్లెల్లో ఉంటే డోర్నకల్‌ను నిలబెట్టినవారు ఎవరు అని అడిగితే జవాబు తేలికే.

అన్నిటికంటె కష్టమైన యుద్ధము సంఘము లోపలే ఉండేది. మాలవారికి, మాదిగవారికి పొత్తు లేదు. బాప్తిస్మము పొందినా ఒకే పాత్రలోనుండి సంస్కారము తీసుకోవడానికి వెనుకాడేవారు. ఆయన ఒప్పుకోలేదు. బడిలో, హాస్టలులో, బల్లయొద్ద ఒకే పంక్తి. కఠినుడని పేరు వచ్చింది. నిజమే, ఆయన కఠినులే. క్రమశిక్షణ విషయములో దయ తక్కువని ఆయనను ప్రేమించినవారు కూడా చెప్పుకొన్నారు. ఇంగ్లీషు ప్రార్థన క్రమము మీద ఆయనకున్న మమకారము మరీ ఎక్కువని ఈ కాలము వారు అనవచ్చు. ఆ మాటలో కొంత న్యాయమున్నది. అయినా ఒకే పాత్ర విషయములో ఆయన మెత్తబడి ఉంటే ఈ రోజు మన సంఘము ఎలా ఉండేదో తలచుకొంటే భయము వేస్తుంది.

ఈ కష్టాల మధ్యనే సంఘము పెరిగింది. 1912లో యాభై ఆరు వేల చిల్లర ఉన్న క్రైస్తవులు 1941 నాటికి రెండు లక్షల పాతిక వేలు దాటారు. 1935 నాటికి 250 మంది భారతీయ గురువులు, 2,000 పైగా పల్లె ఉపాధ్యాయులు ఉన్నారు. మాల మాదిగల జీవితములో వచ్చిన మార్పు కళ్ళారా చూసి, 1930 తర్వాత ఇతర కులాలవారు కూడా వేలకొలది సంఘములో చేరారు. ఊరిలో ఎవరినైతే అంటరానివారన్నారో, వారి బ్రతుకే ఊరికి సాక్ష్యమైంది.

డోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్ కథ కూడా ఇలాంటిదే. పాతికేళ్ళు పట్టింది. మధ్యలో ప్రపంచ యుద్ధము, ధరలు, డబ్బు లేమి. బిషప్పుగారు పని ఆపి, మరల మొదలుపెట్టి, మరల ఆపి, 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. మసీదులను గుర్తుకు తెచ్చే గుమ్మటాలు, మన గుడులను గుర్తుకు తెచ్చే స్తంభాలు, వాటి నడుమ సిలువ. క్రీస్తు ఈ దేశములో పరాయివాడు కాడని రాతితో చెప్పారు.

అయితే దేశములో గాలి మారింది. మతము మార్చుకోవడమంటే దేశమును విడిచిపెట్టడమేనన్న అభిప్రాయము బలపడింది. డోర్నకల్‌లో జరుగుతున్న పెద్ద ఎత్తు బాప్తిస్మములను గాంధీగారు గట్టిగా ఆక్షేపించారు. 1937లో వారిద్దరూ కలిసి మాట్లాడుకొన్నారు కూడా. ఒప్పుదల కుదరలేదు. అజరయ్యగారి పరిస్థితి ఆలోచించండి. ఎడింబరోలో దొరల ముందు భారతీయుల గౌరవము కోసము నిలబడిన మనిషి ఆయన. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని, మనము దేశములో ఒక వేరు ముక్క కాకూడదని వాదించి, తనవారిలో కొందరి నిష్ఠూరము పడినవాడు. అదే మనిషిని ఇప్పుడు జాతీయవాదులు దొరల మనిషి అన్నారు. ఇటు ఉన్నవారు అటు అన్నారు, అటు ఉన్నవారు ఇటు అన్నారు. సువార్త చెప్పడము మానుకొంటే అందరికీ ఇష్టుడే. మానుకోలేదు. గాంధీగారిని నిందించలేదు కూడా.

దావీదు ఫిలిష్తీయులను ఒకసారి జయించిన తర్వాత కూడా, అదే లోయలోకి వారు మరల వచ్చినప్పుడు దేవుని దగ్గర మళ్ళీ విచారించాడు. మొదట ఎదురుగా వెళ్ళమన్న దేవుడు రెండవసారి చుట్టు తిరిగి వెళ్ళమన్నాడు. అజరయ్యగారి జీవితము చదువుతుంటే నాకు ఆ అధ్యాయము జ్ఞాపకము వస్తుంది. ఎడింబరోలో ఎదురుగా మాట్లాడారు. బిషప్పు పదవి విషయములో మౌనముగా ఉన్నారు. కుల విషయములో పట్టు విడువలేదు. గాంధీగారితో కూర్చొని మాట్లాడి, తన దారిన తాను పోయారు. ఒక యుద్ధములో పనిచేసిన ఆయుధము ఇంకొక యుద్ధములో తీయలేదు. ప్రతిసారీ మళ్ళీ అడిగారు.

ఇక మిగిలినది సంఘ ఐక్యత. 1919 మేలో తరంగంబాడిలో కొద్దిమంది గురువులు కూడారు. ముప్పై ముగ్గురు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్యగారు, ఆయన స్నేహితుడు షెర్వుడ్ ఎడ్డీగారు వారిలో ఉన్నారు. ఆంగ్లికన్లు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనల్ వారు వేరు వేరుగా ఉండడము మనము తెచ్చుకొన్న తగాదా కాదు, పడమటి దేశాలనుండి దిగుమతి అయినది, దీనిని విడిచిపెట్టి ఒక్కటి కావాలి అని ప్రకటన చేశారు. కొన్నేళ్ళలో తేలిపోతుందనుకొన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. 1927లో లొసాన్, 1937లో ఎడింబరో సభలలో అజరయ్యగారు ఈ మాటే మాట్లాడారు. విభజన మీకు వాదము కావచ్చు, మాకు పాపము, సువార్తకు అడ్డము అనే అర్థములో వేడుకొన్నారు. అంబేద్కరుగారు హిందూమతము విడిచిపెడతానని ప్రకటించిన 1935 తర్వాతి రోజులలో, దేశమంతటా ఉన్న మా జనానికి మీరు ఏ ఐక్యత చూపగలరు అన్న ప్రశ్న అటునుండి వచ్చిందనీ, దానికి జవాబు లేక అజరయ్యగారు తల వంచుకొన్నారనీ సంఘములో చెప్పుకొంటారు. కమిటీలు కూర్చున్నాయి, లేచాయి. లండనులో ఒకరికి అభ్యంతరము, మద్రాసులో ఒకరికి అభ్యంతరము. బిషప్పుల చేతినుండి అభిషేకము పొందని గురువులను ఏమి చేయాలి అన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఎన్ని ఏళ్ళు తిరిగారో.

ఆయన ప్రార్థనకు ఆయన కళ్ళ ఎదుట జవాబు రాలేదు. 1944 చివరిదాకా పల్లెల తిరుగుడు ఆగలేదు. 1945 జనవరి 1వ తేదీన, కొత్త సంవత్సరము రోజున, డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. డెబ్బై ఏళ్ళు.

ఆయన స్థానములో బిషప్పైనవారు ఇలియట్‌గారు. సముద్రము దాటి వచ్చిన మిషనరీ. పదేళ్ళు అజరయ్యగారి క్రింద సహాయ బిషప్పుగా పనిచేసినవారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, డోర్నకల్ అధ్యక్షమండలము ఆయన నాయకత్వములోనే అందులో చేరింది.